ఈస్ట్ వేసేటప్పుడు పెట్టవలసిన కేక

సెప్టెంబర్ 4, గురువారం

దక్షిణపు గోడ మీది, బీరుకు చేదు కోసం వేసే హాప్స్ పూల తీగను తనిఖీ చేశాను. పూలు కాగితాల్లా గలగలమంటున్నాయి. చిదిమితే పసుపు పొడి వేళ్లకు అంటుకుంది. కోతకు సిద్ధమని నిర్ధారించడమైనది. ఇరవై ఆరేళ్లుగా ఈ నిర్ధారణ మా అక్క యోరున్ చేసేది. ఆమె జూలై 30న మరణించినందున సదరు అధికారం నాకు సంక్రమించింది. నేను దరఖాస్తు చేసుకోలేదు.

సెప్టెంబర్ 6

కోశాను. పక్కింటి హల్వర్ నిచ్చెన పట్టుకున్నాడు. ఏప్రిల్‌లో అక్క తీగను తాళ్లకు కట్టిన ముడులు పదకొండు. కత్తిరించి పారెయ్యవయ్యా, వచ్చే ఏడు కొత్తవి కట్టుకుందువులే అన్నాడు. విషయం పరిశీలనలో ఉంచాను.

సెప్టెంబర్ 7

వాన. పూలు అటక మీద ఆరబోశాను. ఇల్లంతా అక్క చేతుల వాసన.

సెప్టెంబర్ 18

చర్చి ఆఫీసు నుంచి ఫోన్. అక్క అస్థికల పాత్రను అక్టోబర్ 4న పూడ్చవచ్చట. వచ్చినవాళ్లకు ఇంట్లో కాచిన బీరు పోయాలి. మా లోయలో పోయిన మనిషికి అదే చివరి మర్యాద. కొట్లో కొన్న డబ్బాలు పంచావంటే మీ అక్క లేచొచ్చి మరీ తంతుంది అన్నాడు హల్వర్.

సెప్టెంబర్ 24

హల్వర్ అసలు సంగతి ఎత్తాడు. పీపాలో ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా కేక పెట్టాలి. లేకపోతే ఈస్ట్ నిద్ర లేవదు, బీరు చప్పగా చచ్చిపోతుంది. ఆ శాఖ ఎప్పుడూ అక్కది. ఆమె కేకకు లోయ అవతలి గట్టున కుక్కలు మొరిగేవి. నేను పక్కన నిలబడి ఉష్ణోగ్రత రాసుకునేవాణ్ణి. మున్సిపాలిటీలో కట్టడాల అనుమతులు చూస్తూ పంతొమ్మిదేళ్లయింది. నేను గొంతు పెంచినట్టు ఏ ఫైలులోనూ లేదు.

దహనం రోజు చర్చిలో మీ అక్క శవపేటిక ముందు కూడా నీకు నోరు పెగల్లేదు కదయ్యా, ఇక పీపా ముందేం పెగులుతుంది, నన్ను అరవమంటావా అన్నాడు. ఈ పనికి ప్రతినిధిని నియమించే వీలు లేదని తెలియజేశాను.

సెప్టెంబర్ 25

కారు అద్దాలు మూసుకుని ప్రయత్నించాను. వెలువడిన శబ్దాన్ని దగ్గుగా వర్గీకరించవచ్చు.

సెప్టెంబర్ 27, మధ్యాహ్నం

బార్లీ తీపినీరు పొయ్యి మీద మరుగుతోంది. హాప్స్ ఎన్ని వేయాలో అక్క కాగితం మీద రాసి ఉంది: రెండు దోసిళ్లు. ఎవరి దోసిలి అన్నది రాయలేదు. నా చేతులు పెద్దవి. ఆమెవి రెండంటే నావి ఒకటిన్నర కావచ్చు. ఖాళీ దోసిలి పట్టి చూసుకుంటూ నిలబడ్డాను. ఈలోగా తీపినీరు పొంగి పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. రెండూ వేసేశాను. చేదైతే కానీ.

సెప్టెంబర్ 27, సాయంత్రం

ఈస్ట్ వేశాను. ఉష్ణోగ్రత రాసుకోలేదు. అవతలి గట్టున కుక్కలు మొరిగాయి. హల్వర్ పరుగున వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే టోపీ తీసి నిలబడ్డాడు.

కేక మొదలైన సమయం: 6:10.

ముగిసిన సమయం: నమోదు కాలేదు.