ఆరు పత్రాల వ్యాసం

మార్చి 2

కింద నాన్న ట్యుటోరియల్, పైన మేము. తెల్లారేసరికి నలభై నోళ్లు చరిత్ర వ్యాసాలు వల్లె వేస్తుంటాయి. నాన్న ఒక వాక్యం చెప్తారు, వాళ్లు మూడుసార్లు అంటారు. వీధిలో ఆయన్ని మైకు మాస్టారంటారు. మైకు లేకుండానే.

ఈ ఏడాది పరీక్షలో కొత్త ప్రశ్న పెట్టారు. ఆరు పాత పత్రాలిస్తారు, అక్కడికక్కడే చదివి వ్యాసం రాయాలి. బట్టీ పనికిరాదు. నాన్నకు ఒళ్లు మండిపోతోంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇందులో మార్కులొస్తే పెద్ద ఊళ్లో డిగ్రీ కాలేజీ, హాస్టల్. ఈ ఇంట్లోంచి బయటపడొచ్చు.

మార్చి 5

కాలేజీలో హిస్టరీ మేడం నా ప్రాక్టీస్ వ్యాసం చూసి నవ్వారు. పెళ్లిలో చుట్టాల్ని పరిచయం చేసినట్టు పత్రాల్ని వరసగా చెప్పుకుపోయానట. నీ వాదన మొదటి పేరాలోనే తేల్చి చెప్పమన్నారు. తర్వాత పత్రాల్ని సాక్ష్యానికి పిలవాలి. ప్రతిదాన్నీ ఎవరు రాశారు, ఎవరి కోసం, అలా రాస్తే వాళ్లకేం లాభం అని నిలదీయాలి. రెండు పత్రాలు పొసగకపోతే దాచొద్దు, అసలు సంగతి అక్కడే ఉంటుందట. చివరగా, ఏ పత్రం లేదో చూడమన్నారు.

నాన్నకు చెప్పాను. నువ్వు పత్రాల్ని అనుమానిస్తే పేపర్ దిద్దేవాడు నిన్ను అనుమానిస్తాడు అన్నారు.

మార్చి 9

ఎవరు మాట్లాడినా నిలదీయాలనిపిస్తోంది. నాన్న అలిసిపోయున్నారు, ఇప్పుడు హాస్టల్ మాట ఎత్తకే అంది అమ్మ. చెప్పింది అమ్మ. ఎవరి కోసమంటే నాన్న కోసం. లాభం, ఇంట్లో గొడవ ఉండదు. పాపం, అమ్మ మీద ప్రయోగించడం ఏం బాగోలేదు.

మార్చి 14, సాయంత్రం

పేరెంట్స్ మీటింగ్. కుర్చీలు వేయడానికి కిందికి వెళ్తే గుమ్మం మీద కొత్త ఫ్లెక్సీ. దాని మీద నా ఫోటో. వచ్చే ఏడాది నుంచి చరిత్ర చెప్పేది మాస్టారి అమ్మాయేనట. మా అమ్మాయికి ఇల్లు వదిలి పోవడం ఇష్టం లేదండీ, తనే అడిగింది అని నాన్న అందరికీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నా చెంప నేనే పగలగొట్టుకోవాలి.

అందరూ వెళ్లాక, మరి మంచి మార్కులొస్తే అని అడిగాను. ఇంకేం, ఫ్లెక్సీలో అవీ వేద్దామన్నారు.

మార్చి 15

చదవలేదు.

మార్చి 21, మధ్యాహ్నం

పరీక్ష అయింది. పత్రాలు ఒక పాత నూలు మిల్లు గురించి. ఆవరణలోనే గదులు కట్టి, పనిచేసే అమ్మాయిల్ని అక్కడే ఉంచారు. ఇష్టపడే ఉంటున్నారని యజమాని ఉపన్యాసం. ఔనంటూ ఒక తండ్రి అర్జీ. వార్డెన్ పొగడ్తలు, పత్రిక పొగడ్తలు, గుంపుగా తీసిన ఫోటో. తనిఖీ అధికారి మాత్రం, గేటుకు బయటినుంచి తాళం ఉందని రాశాడు.

ఇష్టంతో ఉన్నవాళ్లకి తాళమెందుకు? అదే నా వాదన. చెయ్యి నొప్పెడుతున్నా ఆపలేదు. చివర్లో రాశాను: ఈ పత్రాల్లో అమ్మాయిలు మాట్లాడింది ఒక్కటీ లేదు. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. బయటికొచ్చి ఏడ్చాను.

మార్చి 22

ఆ వ్యాసం రాసిమ్మన్నారు నాన్న. అక్షరం పొల్లుపోకుండా రాసిచ్చాను. చదివితే అర్థమవుతుందని ఆశ. నిలబడే చదివారు. చివరి పేరా దగ్గర ఆగారు.

అద్భుతం తల్లీ అన్నారు. ఈ ముగింపు ఏ పత్రాలకైనా అతుకుతుందట. అప్పటికప్పుడే జెరాక్స్ షాపుకి పరుగెత్తారు.

జూన్ 9

మార్కులొచ్చాయి. పెద్ద ఊళ్లో సీటూ వచ్చింది. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు, వీధంతా మిఠాయి పంచారు. పంపనన్నారు. ఇక్కడ నీకేం తక్కువ తల్లీ అని అడిగారు. జవాబు కోసం ఆగలేదు.

జూన్ 20, పొద్దున

నా మొదటి క్లాసు. నేను ఒక వాక్యం చెప్తాను, వాళ్లు మూడుసార్లు అంటారు.

వాళ్లను ఎవరూ అడగలేదు.

వాళ్లను ఎవరూ అడగలేదు.

వాళ్లను ఎవరూ అడగలేదు.

వెనక బెంచీకి వినపడటం లేదు, ఇంకా గట్టిగా చెప్పించమన్నారు నాన్న.