సైప్రస్ నూనె: సగం నీకు, సగం నాకు

చీరాల,
మంగళవారం.

ఒరేయ్ పేరయ్యా,

సలాం. ఇంట్లో అందరూ బాగున్నారనుకుంటాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. బ్యాంకు మేనేజరు గొంతుతో ఫోన్ చేసి, నా బట్టలకొట్టు జప్తు చేస్తున్నామని చెప్పి ఏడిపించావు చూడు, ఆ రోజే నీ నంబరు తీసేశాను. నీ గొంతు నేను నమ్మను. కాగితమైతే నీ చేతిరాత సాక్ష్యంగా పడి ఉంటుంది.

సంగతేమిటంటే, ఇన్నేళ్ళూ నిలబడి చీరలు విప్పి చూపించీ చూపించీ నా కాళ్ళ నరాలు పొట్లకాయల్లా మెలికలు తిరిగి ఉబ్బాయి. డాక్టరు చూసి, బిగుతు మేజోళ్ళు తొడుక్కో, కూర్చుని బేరం చెయ్యి, కాళ్ళు ఎత్తు మీద పెట్టుకో అన్నాడు. అశ్రద్ధ చేస్తే చీలమండ దగ్గర పుండు పడుతుందట. పుండు పడితే నా కొట్టు మూతే. కానీ స్కూలు పిల్లాడిలా మేజోళ్ళు తొడుక్కుని కుర్చీలో కూర్చుంటే నా దగ్గర చీర ఎవరు కొంటారురా?

ఫోన్లో చదివాను. సైప్రస్ అనే చెట్టు కాయలూ రెమ్మలూ పైదేశాల మూలికా వైద్యంలో పూర్వం నుంచీ వాడుతున్నారట. ఉబ్బిన నరాలు ముడుచుకోవడానికీ, దగ్గుకీ, అరికాళ్ళ చెమటకీ, మొలలకీ మంచిదంటారట. బొమ్మ చూస్తే అచ్చం మీ గేటు ముందున్న చెట్టే. కాసిని కాయలు పంపు. నీ వేషాలు మాత్రం పంపకు.

ఇట్లు,
నీ మేలు కోరి నష్టపోతున్న
మొహిద్దీన్ బాషా

తా.క. మా ఆవిడ కరీమున్‌కి చెప్పకు. డాక్టరు చెప్పిందంతా పూటపూటా నాకు అప్పజెబుతోంది.


మిరప కల్లం, పర్చూరు దగ్గర,
గురువారం.

బాషా దొరవారికి,

దండాలు. నీ ఉత్తరం చదివి మా ఆవిడ వెంకటరావమ్మ కళ్ళు తుడుచుకుంది. నవ్వలేక. ఆ చెట్టుని కడియం నుంచి వ్యానులో మొక్కలు తెచ్చినవాడు క్రిస్మస్ చెట్టని చెప్పి మాకు అంటగట్టాడు. ఇన్నాళ్ళూ మా గేదె వీపు రుద్దుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. వైద్యమని తెలిశాక గేదెను దూరంగా కట్టేశాను.

నీకు కాచుకోవడం చేతకాదని కాయలూ లేత రెమ్మలూ దంచించి, నువ్వులనూనెలో కాచి, వడగట్టి సీసాకెత్తాను. చీరాల బస్సు కండక్టరుకిచ్చాను. చీలమండ నుంచి మోకాలి వైపుకి పైకి రాయాలి. తాగకు. ఊరికే వస్తే ఏదైనా తాగుతావు కాబట్టి చెబుతున్నాను. రాశాక తూర్పు తిరిగి, రెండు చెవులూ పట్టుకుని కాసేపు నిలబడాలి. ఎందుకని అడగకు. వైద్యంలో కొన్ని అడగకూడదు.

ఇట్లు,
పట్టా లేని నీ వైద్యుడు
పేరయ్య

తా.క. నూనె సగం ఇక్కడే ఉంచుకున్నాను. నాకు దగ్గు.

మళ్ళీ తా.క. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడి రాస్తున్నాను. కుర్చీ కోడు విరిగింది.


చీరాల,
శనివారం.

ఒరేయ్ పాపిష్ఠోడా,

సలాం చెప్పే ఓపిక లేదు. పొద్దున కొట్టు తెరిచే ముందు నీ నూనె రాసుకున్నాను. మొదట బాగానే ఉంది. ఇంతలో పెళ్ళివారు వచ్చి కూర్చున్నారు. మొదటి చీర విప్పేసరికి మోకాళ్ళ కింద పొయ్యి అంటుకుంది. రెండో చీర విప్పకుండానే గంతులేశాను. పెళ్ళికూతురి మేనత్త నాకు మూర్ఛ వచ్చిందనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టి మూసింది. గుత్తి విసిరేసి, లుంగీ పైకెత్తుకుని ఇంటికి పరుగెత్తాను. పెళ్ళివారు పక్క కొట్లోకి పోయారు.

కరీమున్ బేసిన్లో మజ్జిగ పోసి కాళ్ళు పెట్టించింది. అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నవ్వింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

సీసా వాసన చూస్తే తుమ్ములొచ్చాయి. ఇందులో కారం కలిపావు. రోగిష్టివాడి కాళ్ళతో ఆడుకుంటావా? నీకు సిగ్గుంటే బస్సెక్కి వచ్చి, నా ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పు.

ఇట్లు,
ఇక నీకేమీ కాని
బాషా

తా.క. నువ్వు చెప్పావని చెవులు పట్టుకున్నాను. అవి కూడా మండుతున్నాయి.


మిరప కల్లం,
సోమవారం.

బాషా,

దండం. ఈసారి నిజం దండం. మా అమ్మ మీద ఒట్టు, నేను కారం కలపలేదు. చెవుల ముక్క ఒక్కటే నాది. బ్యాంకు మేనేజరూ నేనే. కానీ చెయ్యనిదానికి తిట్లు తినడం నాకిదే మొదలు, అలవాటు లేక అరగడం లేదు.

ఆరా తీస్తే తేలింది. కాయలు దంచింది కారం రోట్లో. ముందురోజే ఏడాదికి సరిపడా కారం దంచారు. "కడగలేదా?" అని వెంకటరావమ్మ మీద కేకలేశాను. "కడిగానయ్యా. కడిగితే మాత్రం రోటికి కారం పోద్దా? ఈ జిల్లాలో పుట్టినోళ్ళకి ఆ మాత్రం తెలీదా?" అని నన్నే అంది. ఇంట్లో ఆవిడా, చీరాల్లో నువ్వూ. నన్ను బతకనిచ్చేలా లేరు.

ఆ మంట సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు. ముందు చీమలు పాకినట్టుంటుంది, తర్వాత నిప్పుకణిక. నీళ్ళు పోస్తే రెట్టింపవుతుంది. మజ్జిగ దండగ, వెన్నపూస పెట్టు. మూడో రోజుకి నిద్ర పడుతుంది.

రాలేను. మిరపకాయలు కల్లంలో ఉన్నాయి, పైన మబ్బు పట్టింది. పైగా ఆ బస్సులో సీట్లా అవి? ఇనుప బల్లలు.

ఇట్లు,
జీవితంలో మొదటిసారి నిర్దోషి
పేరయ్య

తా.క. ఇదీ నిలబడే రాశాను. వడ్రంగి ఇంకా రాలేదు.


చీరాల,
బుధవారం.

ఒరేయ్ పేరయ్యా,

సలాం. కాలిన కాళ్ళతో కరీమున్ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. నూనె సంగతి చెప్పాను. ఆయన చెట్టుని ఏమీ అనలేదు. పాతకాలం నుంచీ వాడుతున్నదే, కానీ ఇంత ఉబ్బిన నరాన్ని ఏ నూనే వెనక్కి తేలేదన్నాడు. మేజోళ్ళు తొడుక్కున్నాను. కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంటే కరీమున్ చీరలు విప్పుతోంది. నాకంటే బాగా అమ్ముతోంది. ఆ ఏడుపు వేరే.

ఇప్పుడు నీ సంగతి. కరీమున్ మీ ఆవిడకి ఫోన్ చేసింది. కుర్చీ నాలుగు కోళ్ళతో నిక్షేపంలా ఉందట. నీకు దగ్గే లేదట. రెండు నెలలుగా కారం ముట్టకుండా పెరుగన్నం తింటున్నావట, చొక్కాలు వదులయ్యాయట. మిరపకాయలు పండించేవాడు పచ్చడి వద్దన్నాడంటే అదేం జబ్బో నాకు తెలీదా? నిలబడి రాస్తావు, బస్సెక్కనంటావు, మంటకి మందు నాకంటే ముందే కనిపెట్టావు.

నీకు మొలలు. మిగిలిన సగం నూనె అక్కడ రాశావు.

ఒరేయ్, నేను కాళ్ళకి రాసుకునే పెళ్ళివారి ముందు గంతులేశాను. నువ్వు అక్కడ రాసుకుని, కిటికీ దగ్గర నిలబడి, నాకు ఓపిగ్గా ఉత్తరం రాశావు. నీకు నా సలాం.

డాక్టరుకి చెబితే ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అదీ నరాలు ఉబ్బే జబ్బే, నీకు కాళ్ళలో, అతనికి ఇంకాస్త పైన, అన్నాడు. రక్తం పోతోందా అని అడిగాడు. కరీమున్ మళ్ళీ ఫోన్ చేసి అదే అడిగితే, మీ ఆవిడ పంచె మీది మరకల సంగతి చెప్పి ఏడ్చిందట. దాచుకునే జబ్బా ఇది? నాకు పుండు పడుతుందని నువ్వు నూనె కాచావు, నీ పంచెకి రక్తమైతే ఎవరికీ చెప్పవా?

శుక్రవారం కొట్టు మూసి ఆటోలో వస్తున్నాను. డాక్టరు దగ్గర ఇద్దరికీ పేర్లు రాయించాను. లోపలికి నీతోపాటు నేనూ వస్తాను. ఏడిస్తే ఏడువు, నేను ఏడవలేదూ బ్యాంకు మేనేజరు ముందు?

ఇట్లు,
కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని
నీ బాషా

తా.క. నువ్వు కూర్చోవడానికి ఆటోలో స్కూటరు ట్యూబు గాలి కొట్టి పెట్టాను. దారిలో గాలి తీసేస్తానేమోనని భయపడకు. వెళ్ళేటప్పుడు తియ్యను.