పదింటికి నీ గొంతు

చిట్టీ,

నువ్వు వెళ్లి ఈ రోజుకి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా చెప్పాలి. నువ్వు పెట్టిన కాలేజీ రేడియో నిలబడింది. దేవుడికి స్తోత్రం.

వినేవాళ్లే లేరని సోమవారం ప్రిన్సిపాల్ గారు దాన్ని ఆపించేశారు. నీ స్టూడెంట్లు స్టూడియో గుమ్మంలోనే కూర్చుండిపోయారు. మర్నాడు కొబ్బరిపీచు ఫ్యాక్టరీ ఆడవాళ్లు పనిబట్టలతోనే కాలేజీకి వచ్చేశారు.

"రేడియోలో మేడంగారు పదయిందని చెబితేనే మా మేస్త్రీ టీకి వదుల్తాడండి. నిన్న మీరు ఆపేసేరు, పన్నెండు దాటినా ఆయనకి పదవ్వలేదండి!"

ప్రిన్సిపాల్ గారికి నవ్వాగలేదట. "ఆయ్, ఇప్పుడే పెట్టిస్తానండి" అన్నారట. నీ కూతురు స్నేహే స్విచ్ వేసింది. పిల్లల కేకలు గేటు దాకా వినబడ్డాయట.

ఈ ఉదయం ప్రార్థన చేసుకుని, రేడియో పెట్టి ఇల్లు ఊడుస్తున్నాను. సరిగ్గా పదింటికి నీ పాత రికార్డింగు వచ్చింది.

"పదయిందండీ. చేతులు కడుక్కుని కాస్త టీ తాగండి."

చిన్నప్పటి నుంచి నీకు చెప్పడమే గానీ, నీ మాట ఒక్కటీ విన్నదాన్ని కాదు. చీపురు పక్కన పెట్టి "ఆయ్" అన్నాను. చేతులు కడుక్కున్నాను.

పెద్దక్క