బాస్ కోసం పాకులాట

సోమవారం, ఉదయం

తీర్మానం! ఆదివారంలోపల మా హాల్లో బాస్ అదిరిపోవాలి.

హోమ్ థియేటర్ కొన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సినిమాలో వంతెన కూలితే మా ఇంట్లో చీపురు కిందపడ్డట్టు వినిపిస్తోంది. బాస్ అనే ఆ లావు శబ్దాలు పలకడం తప్ప వేరే పనే లేని నల్ల డబ్బా, అదే సబ్‌వూఫర్, టీవీ పక్కన కొత్త అల్లుడిలా బుద్ధిగా కూర్చుంది. నోరు మాత్రం విప్పదు.

నియమాలు: వాల్యూమ్ సగం దాటదు. కొత్తగా ఏదీ కొనను. ఇంట్లో ఎవరినీ విసిగించను. అంతా బుర్రతోనే!

ఆదివారం ఆడపడుచు, వాళ్ళాయన సినిమాకు వస్తున్నారు. "థియేటరే మా ఇంటికొచ్చింది" అని ఫోన్లో కోతలు కోసింది నేనే. పరువు సమస్య.

మామయ్యగారినీ పిలిచాను. "మీరు చూడండమ్మా. నాకన్నీ మూగబొమ్మలేగా" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. జీవితమంతా బస్సు నడిపి, చెవులు రెండూ ఆ ఇంజను దగ్గరే వదిలేసి వచ్చారు. వినికిడి మిషన్ పెట్టుకుంటే చెవిలో ఈల వేస్తోందని దాన్ని సొరుగులో పడేశారు. టీవీ ముందు కూర్చుని ఎంత కాలమైందో!

మంగళవారం

రహస్యం దొరికింది! డబ్బాను మనం కూర్చునే సోఫాలో కూర్చోబెట్టాలట. మనం నేల మీద పాకుతూ వినాలట. ఎక్కడ బాగా మోగితే అక్కడే దాని చోటు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని మొదలుపెట్టాను. కిటికీ కింద: సున్నా. డైనింగ్ టేబుల్ కింద: పర్వాలేదు. చెప్పుల స్టాండు దగ్గర: ఆహా!

తలెత్తితే ఎదురుగా మామయ్యగారు.

"ఏం పోయిందమ్మా? కమ్మా?"

"బాస్ మామయ్యా, బాస్!" అరిచాను.

"బస్సా? పోతే పోయిందిలే, ఇంకోటొస్తుంది" అని ఓదార్చి వెళ్ళారు.

చెప్పుల స్టాండు బాల్కనీకి. సబ్‌వూఫర్ గుమ్మం పక్కకి. సాయంత్రం వచ్చిన వెంటనే మా ఆయన డబ్బా మీద చెప్పులు విప్పారు. విసిగించకూడదు కదా, చూశానంతే. తీసేశారు.

బుధవారం

డబ్బా వెనక బుల్లి స్విచ్చు ఒకటుంది. ఇటా, అటా? పగలంతా కళ్ళజోళ్ళ షాపులో ఇదే ఆలోచన. వచ్చినవాళ్ళకు అద్దాలు మార్చిమార్చి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడమే కదా నా ఉద్యోగం!

ఇంటికి రాగానే మా ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టాను. స్విచ్చు ఇటు. "ఇది బాగుందా?" స్విచ్చు అటు. "ఇందాకటిదా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

షాపులోనూ ఇలాంటివాళ్ళు వస్తారు. వాళ్ళకు ఓపిగ్గా మళ్ళీ చూపిస్తాను. ఈయనకు చూపించలేదు.

గురువారం

కొంచెం నిరాశ. కొంచెమే.

'వాల్యూమ్ సగం' అన్నాను నిజమే. అది టీవీ రిమోట్ సంగతి. డబ్బాకు సొంత మీట ఉందని తీర్మానంలో ఎక్కడుంది? కాస్త తిప్పాను. ఇంకాస్త. గాజు అల్మరాలో కప్పులు కబుర్లు మొదలుపెట్టాయి. వాటి మధ్య సాక్సులు కుక్కాను.

తలుపు చప్పుడు. కింద వాటాలో ఉండే టీచరమ్మ, చేతిలో ఎర్ర పెన్ను.

"పేపర్లు దిద్దుకుంటున్నానండీ. మీ దయవల్ల పెన్ను దానంతటదే టిక్కులు పెట్టేస్తోంది. తప్పాల్సినవాడు పాసైపోతున్నాడు!"

క్షమాపణ చెప్పాను. మనసులో మాత్రం గంతులే! కింద వాటాదాకా వెళ్ళిందా నా బాస్?

శుక్రవారం

సెలవు పెట్టాను. కారణం: తలనొప్పి. (రాబోయేది.)

టీచరమ్మ బడికెళ్ళిన శబ్దం విన్నాను. మీట చివరిదాకా తిప్పేశాను! ఆదివారం చూడబోయే సినిమాయే. లారీ కొండదారి ఎక్కే ఘట్టం.

అబ్బబ్బబ్బ! సోఫా వణికింది. కర్టెన్లు ఊగాయి. నా పక్కటెముకలు కూడా పాడాయి. ఒంటరిగా నవ్వుతూ చప్పట్లు కొట్టాను!

పెళ్ళి ఫోటో గోడ మీంచి దూకింది.

సరిగ్గా అప్పుడే భోజనానికి మా ఆయన. ఫోటో ఎత్తి చూశారు. "నీ ముఖం మీదే పగిలింది. నాది క్షేమం" అన్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వైరు పీకి, డబ్బా మీద మనీప్లాంట్ కుండీ పెట్టి, అన్నం తినకుండానే వెళ్ళిపోయారు.

నియమాలన్నీ మట్టిగొట్టుకుపోయాయి. ఇక ఈ జన్మలో సబ్‌వూఫర్ జోలికి వెళ్ళను.

శనివారం

ఇల్లంతా నిశ్శబ్దం. ఫోటో అద్దం వేయించుకొచ్చాను. మా ఆయన మాట్లాడుతున్నారు కానీ ముక్తసరిగా.

కాఫీ ఇస్తే మామయ్యగారు కప్పు అందుకుంటూ అడిగారు.

"నిన్న బండి తీశావుగా. ఇవాళ తియ్యవేం?"

"ఏ బండి మామయ్యా?" చెవి దగ్గర అరిచాను.

"లారీ. ఫస్టు గేరులో పెట్టి ఎత్తు ఎక్కించాడు. మంచి లోడు మీదుంది. తీరా పైకొచ్చేసరికి ఆపేశారు."

నా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "మీకు వినిపించిందా?"

"వినిపించడం ఎక్కడిదమ్మా! నా గదిలో నిలబడ్డాను. అరికాళ్ళకు తెలిసింది."

మా ఆయన పేపరు దించారు. నన్ను చూశారు. లేచివెళ్ళి కుండీ తీసి, తనే వైరు పెట్టారు!

మామయ్యగారి కుర్చీ డబ్బా పక్కకే జరిపాం. అంత దగ్గరగా ఉంటే మీట పావువంతు చాలు! కప్పులు కదలలేదు, కింద నుంచి ఎవరూ రాలేదు. ఆయన అరికాళ్ళు నేలకానించి కళ్ళు మూసుకున్నారు. ఎడమకాలు దానంతటదే క్లచ్ తొక్కింది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పారు. కడగడానికి గిన్నెలేమీ లేవు.

ఆదివారం

సినిమా! మామయ్యగారు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. ఇక ఆగుతారా?

"గేరు మార్చరా సన్నాసీ! అదిగో, మార్చాడు! బ్రేకు మీద కాలేసి దిగుతున్నాడు, డ్రమ్ములు కాలిపోవూ?"

హీరో చెప్పిన మాట ఒక్కటీ మాకెవరికీ వినపడలేదు. ఆడపడుచు పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతూ "నాన్న ఇంత మాట్లాడి ఎన్నాళ్ళయింది వదినా?" అంది. తర్వాత మెల్లగా, "అవునూ, ఇంతకీ బాస్ ఎక్కడ? సోఫాలోకి ఏమీ రావట్లేదే" అంది.

నిజమే. బాస్ అంతా మామయ్యగారిదే! ఆడపడుచు వాళ్ళాయన ఆ కుర్చీలో ఒక్క పాటసేపు కూర్చుంటానని బతిమాలారు. మామయ్యగారికి వినపడలేదు. ఈసారి నిజంగానే వినపడలేదో, విననట్టు ఊరుకున్నారో, చెప్పలేను.

సోమవారం, ఉదయం

కొత్త తీర్మానం! వచ్చే ఆదివారంలోపల సోఫాకూ కుర్చీకీ సమానంగా బాస్ రావాలి. మీట పావు దాటదు. ఎవరినీ విసిగించను. ఈసారి ఖాయం!

మామయ్యగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, అప్పుడే కుర్చీలో ఉన్నారు.

"ఏమ్మా, బండి తీద్దామా?"