చెవిలో ఊదితే నవ్వే ప్రయాణికుడు

విమానాల కంపెనీలో ప్రయాణికుల బాగోగులు చూసే అధికారి గారికి,

అయ్యా, నమస్కారం. నేను కులాసాగా ఉన్నాను. ఆ ముక్క మీవాళ్ళు నమ్మలేదు కాబట్టే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

నేను గొడుగుల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాసి రిటైరైన వాచ్‌మన్‌ని. మొన్న మా అక్క పెళ్ళికని మీ విమానం ఎక్కాను. ఈ వయసులో అక్క పెళ్ళేమిటని నవ్వకండి. అమ్మానాన్నా లేని ఇంట్లో నన్ను పెంచి, చదివించబోయి, నేను చదవకపోతే ఉద్యోగంలో పెట్టించి, నాకో పెళ్ళి చేసి, తన సంగతే మరిచిపోయిన మనిషి ఆవిడ. ఇన్నాళ్ళకు నచ్చినవాడు దొరికాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. సాక్షి సంతకం నాది. టికెట్టు కూడా అక్కే కొని పంపింది.

సీట్లో కూర్చున్నాను, బెల్టు పెట్టుకున్నాను, మీ అమ్మాయి ఇచ్చిన చాక్లెట్టు చప్పరించాను, విమానం ఇంకా కదలకముందే నిద్రపోయాను. అంతే నేను చేసిన నేరం. నాకు పుట్టుకతో రెప్పలు పూర్తిగా మూతపడవు. కళ్ళు తెరుచుకునే నిద్రపోతాను. పైగా మొద్దు నిద్ర. మెలకువ వచ్చేసరికి చక్రాల కుర్చీలో ఉన్నాను, ముక్కుకి గొట్టం ఉంది, ఎదురుగా విమానం తోక కనిపిస్తోంది, అదీ దూరంగా పోతూ. పక్క సీటాయన ఎవరో డాక్టరట. నా కంట్లో టార్చి కొట్టి, "లాభం లేదు, వెంటనే దించండి" అన్నాడట. నా సంచి మాత్రం హాయిగా ప్రయాణం చేసి దిగింది. దాన్నెవరూ అనుమానించలేదు.

నేను రానిదే పెళ్ళి లేదని అక్క భీష్మించుకు కూర్చుంది. కాబట్టి నాకు రెండు కావాలి. ఒకటి ఇంకో టికెట్టు. రెండోది ఆ డాక్టరు చిరునామా.

ఇట్లు,
బతికే ఉన్న వాచ్‌మన్

తా.క.: ఇన్నాళ్ళూ నాకు తిండి పెట్టింది ఈ కళ్ళే. డ్యూటీలో అప్పుడప్పుడూ కునుకు తీసేవాణ్ణని ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. ఈ మాట మన మధ్యే ఉండాలి.

*

గౌరవనీయులైన ప్రయాణికుడు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు బతికే ఉన్నారని తెలిసి మా సంస్థ ఎంతగానో సంతోషిస్తోంది. ఆ విషయం ఫైలులో నమోదు చేశాం.

ప్రయాణికుల్లో ఒక డాక్టరు ఆపద అని చెబితే మా సిబ్బంది కాదనలేరు. ఆయన పేరు, ఊరు బయటపెట్టడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. కొత్త టికెట్టు తప్పకుండా ఇస్తాం. అయితే ముందుగా, నిద్రపోతున్నప్పుడు మీరు నిద్రే పోతున్నారనీ, మరేమీ కాదనీ వైద్యుడి ధ్రువపత్రం పంపాలి. బయటినుంచి చూసేవారికి ఆ తేడా ఎలా తెలుస్తుందో కూడా అందులో ఉండాలి.

భవదీయురాలు,
ప్రయాణికుల సంక్షేమ అధికారిణి

తా.క.: నేను "అయ్యా"ను కాను.

ఇంకో తా.క.: మీ సంచి నా బల్ల పక్కనే ఉంది. అందులోంచి పెద్ద గొడుగు పిడి బయటికి కనిపిస్తోంది. ఇక్కడ రోజూ వాన. అయినా నేను ముట్టుకోలేదు.

*

అమ్మా, సంక్షేమ అధికారిణి గారూ,

క్షమించాలి. అంత కఠినంగా ఉత్తరం రాసేది మగవాడే అనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన గదిలో కుర్చీ మెత్తగా ఉంది, నేను నిద్రపోయాను. పాపం ఆయన నేను వింటున్నాననుకుని ఉప్పు తగ్గించమని, నడవమని చాలాసేపు చెప్పాడట. చివరికి నర్సు వచ్చి, నా కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసి చెప్పింది. పత్రంలో "ఈయన నిద్రపోతున్నదీ లేనిదీ నాకూ తెలియలేదు, కానీ ఆరోగ్యం భేషుగ్గా ఉంది" అని రాసిచ్చాడు. జతపరిచాను.

తేడా ఎలా తెలుస్తుందంటారా? అది తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, మా అక్క. చిన్నప్పుడు మంచం పక్కన కూర్చుని నా చెవిలో ఊదేది. నిద్రపోతే నవ్వుతానట. మేలుకుని ఉంటే తిడతానట. ఆ నవ్వు చూశాకే తను దీపం ఆర్పి పడుకునేదట. ఈ పరీక్ష ఎన్నడూ తప్పలేదని ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

అమ్మా, కొంచెం తొందరగా చూడండి. నెలాఖరు దాటితే రిజిస్ట్రారు దగ్గర దరఖాస్తు మురిగిపోతుంది. నిన్న ఫోనులో అక్క, "నువ్వు రాలేకపోతే పోనీలేరా, ఇన్నాళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను, ఇకముందూ ఉంటాను" అంది. ఆ గొంతు నాకు తెలుసు. నా స్కూలు ఫీజు కట్టి, తన చెప్పులకి కుట్లు వేయించుకున్న రోజుల్లో ఇలాగే మాట్లాడేది. నాకు దుఃఖం ఆగలేదు. ఆ డాక్టరు కనిపిస్తే పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాను.

ఇట్లు,
ఆరోగ్యం భేషుగ్గా ఉన్న వాచ్‌మన్

తా.క.: ఆ గొడుగు అక్కకి పెళ్ళికానుక. ఇద్దరు పట్టే గొడుగు, మా ఫ్యాక్టరీలో నేనే దగ్గరుండి చేయించాను. వాన మరీ ఎక్కువైతే మీరు ఒకసారి వాడుకోండి. ఆరబెట్టి మడవండి.

*

గౌరవనీయులైన ప్రయాణికుడు గారికి,

ధ్రువపత్రం పై అధికారుల ముందుంచాను. వారు చాలాసేపు చర్చించి, మిమ్మల్ని "పరిశీలనలో ఉంచవలసిన ప్రయాణికుడు"గా వర్గీకరించారు. అంటే మీ పక్కన ఒక తోడు ఉండాలి. తోడు వచ్చేవారు మీ బంధువైనా, డాక్టరైనా అయి ఉండాలి. వారు మధ్యమధ్యలో మీ చెవిలో ఊది, ఫలితాన్ని ఇందుతో పంపుతున్న పట్టికలో రాయాలి. పట్టికలో "నవ్వెను", "తిట్టెను" అని రెండు గడులున్నాయి. ఏం తిట్టారో రాయనక్కర్లేదు.

పద్ధతి ప్రకారం మీ నిద్ర అలవాటు నిజమా కాదా అని మీ పాత యజమానికి కూడా రాసి కనుక్కున్నాం.

భవదీయురాలు,
ప్రయాణికుల సంక్షేమ అధికారిణి

తా.క.: యజమానికి రాసింది పక్క విభాగం. మీ మొదటి ఉత్తరం నకలు కూడా జతచేశారని ఇప్పుడే తెలిసింది. ఎలా క్షమాపణ చెప్పాలో తెలియడం లేదు.

ఇంకో తా.క.: ఆ డాక్టరుగారి పేరు చెప్పకూడదు. ఆయన మనుషుల డాక్టరు కాదని చెప్పకూడదని మాత్రం నిబంధనల్లో ఎక్కడా లేదు.

*

అమ్మా,

పశువుల డాక్టరా! గేదెలకి సూది వేసేవాడు నన్ను దింపించాడా! చేపలు కళ్ళు తెరిచే నిద్రపోతాయి కదా, వాటి సంగతి చదువులో చెప్పలేదా ఆయనకి? ఒళ్ళు మండిపోయి ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఈలోగా మా యజమాని మీ ఉత్తరం పట్టుకుని ఇంటికొచ్చాడు. "ఏటేటా ఉత్తమ కాపలాదారు షీల్డు ఇచ్చానే, నిద్రపోతూ తీసుకున్నావా?" అన్నాడు. నేను ఒకటే అడిగాను: "బాబుగారూ, ఒక్క గొడుగైనా పోయిందా?" వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. లేదన్నాడు. "మరి దొంగకి తెలియనిది మీకెందుకు?" అన్నాను. టీ తాగి వెళ్ళాడు. షీల్డు మాత్రం పట్టుకుపోయాడు.

తోడు దొరికారు. కాబోయే బావగారే వస్తున్నారు. నేనింకా ఆయన్ని చూడలేదు. ఏదో గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యారని, కొంచెం కంగారు మనిషని, మనసు వెన్న అని అక్క చెప్పింది. "నా తమ్ముణ్ణి మీరే స్వయంగా వెళ్ళి తీసుకురండి, మీరే తేవాలి" అని అక్క గట్టిగా పట్టుబట్టిందట. చెవిలో ఊదే విద్య కూడా నేర్పి పంపుతోంది.

ఇట్లు,
షీల్డు పోగొట్టుకున్న వాచ్‌మన్

తా.క.: ఆ గేదెల డాక్టరుకి మా అక్క పెళ్ళికి ఆహ్వానం పంపగలరా? పేరు మీరే రాసి పోస్టు చేయండి, నాకు చెప్పనక్కర్లేదు. రిజిస్ట్రారు ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అడుగుతాను.

*

గౌరవనీయులైన ప్రయాణికుడు గారికి,

మీకూ, మీ తోడుగా వస్తున్న బావగారికీ పక్కపక్క సీట్లు ఖాయం చేశాం. టికెట్లు జతపరిచాను. సంచి మీరు దిగగానే అందుతుంది. శుభప్రయాణం.

భవదీయురాలు,
ప్రయాణికుల సంక్షేమ అధికారిణి

తా.క.: మీరు అడిగిన ఆహ్వానం పంపడం అనవసరం. ఇంతకుమించి అడగకండి.

ఇంకో తా.క.: మీ బావగారు కూడా మాకు ఘాటుగా ఉత్తరం రాశారు. "నా కాబోయే బావమరిదిని దింపించిన ఆ మూర్ఖుడి పేరు బయటపెట్టండి" అన్నారు. అది రెండుసార్లు చదివి, చివరన సంతకం చూసి, ఫైలులో ఇంకో సంతకం చూసి, గ్లాసు మంచినీళ్ళు తాగాను. ఎందుకో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. మీరు మాత్రం దయచేసి విమానంలో నిద్రపోండి. ఇది సంస్థ మాట కాదు, నా మాట.

*

అమ్మా, తల్లీ,

అక్క ఇంటినుంచి రాస్తున్నాను. పెళ్ళయింది. సంతకం పెట్టాను. పట్టిక జతపరిచాను, అన్నీ "నవ్వెను" గడిలోనే ఉన్నాయి. ఇక అసలు సంగతి వినండి. మీరు మంచినీళ్ళు ఎందుకు తాగారో నాకిప్పుడు తెలుసు.

విమానాశ్రయంలో నన్ను చూడగానే బావగారి ముఖం తెల్లగా పాలిపోయింది. నా చేతిలో మంచినీళ్ళ సీసా కూడా లాక్కుని ఆయనే మోశారు. కిటికీ సీటు నాకిచ్చారు. కంగారు మనిషని అక్క ముందే చెప్పింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

విమానం లేచింది. మీరు నిద్రపొమ్మన్నారు, నాకేమో నిద్ర రావడం లేదు. మబ్బులకేసి చూస్తూ కూర్చున్నాను. ఇంతలో బావగారు వంగి నా చెవిలో ఊదారు. తిడదామనుకున్నాను. పెళ్ళికొడుకుని ఏం తిడతాం అని మొహమాటపడి నవ్వాను. ఆయన "హమ్మయ్య" అని పట్టికలో రాసుకుని, నా తెరిచిన కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టారు.

"బావమరిదిగారూ, మీరు నిద్రలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. మేలుకున్నాక చెప్పే ధైర్యం లేదు. ఆ మూర్ఖుణ్ణి నేనే."

అమ్మా, నేను కదల్లేదు. ఆయన గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయారు. ఆ రోజు పెళ్ళికి వెళ్తూ, పెళ్ళికూతురి తమ్ముడికి తను నచ్చుతాడో లేదో అని భయపడి, తమ్ముడితో ఏం మాట్లాడాలో పక్క సీటాయన దగ్గర సాధన చేశారట. "ఈ వయసులో పెళ్ళి చేసుకుంటున్నానండీ, ఆవిణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాను, మీరేమంటారు?" అని అడిగారట. పక్క సీటాయన ఉలకలేదు, పలకలేదు, గుడ్లప్పగించి చూశాడట. మళ్ళీ మళ్ళీ అడిగినా అంతే. అప్పుడు భయమేసి టార్చి తీశారట. చావబోయే మనిషిని కాపాడాననే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చారట, నా మొహం చూసేదాకా.

"మీ అక్కయ్యగారికి తెలిస్తే నన్ను వద్దంటారు. వద్దంటే నాకు ఇంకెవరూ లేరు" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

పదిమందిలో కడిగేద్దామనుకున్న మనిషిని అమ్మా! మా అక్క దూరమవుతుందేమోనని ఇంత భయపడేవాడు ఒకడున్నాడంటే, ఇక నేను అడగాల్సింది ఏముంది? ఆయన మళ్ళీ చెవిలో ఊదారు. ఈసారి మొహమాటానికి నవ్వలేదు, మనసారా నవ్వాను. దిగేదాకా మేలుకునే నిద్రపోయాను.

దిగాక అక్క ఎదురొచ్చి, మొదటి మాటగా, "ఈసారైనా ఇద్దరూ మాట్లాడుకున్నారా?" అంది. ఈసారైనా ఏమిటి? పక్కకి లాక్కెళ్ళి అడిగితే తాపీగా చెప్పింది. ఆ మొదటి రోజు కూడా పక్కపక్క సీట్లు కొన్నది తనే. ఒకరికొకరు ఎవరో తెలియకుండానే స్నేహమైపోతారని ఆశపడిందట. నేను చాక్లెట్టు అయిపోయేలోగా నిద్రపోతానని మరిచిపోయిందట. బావగారు దిగి "దారిలో ఒక ప్రాణం కాపాడాను, పాపం, కళ్ళు తెరిచే ఉన్నాయి" అనగానే తనకి సంగతంతా అర్థమైపోయిందట. "మరి చెప్పవేం?" అంటే, "నేను చెబితే మీ ఇద్దరూ జీవితాంతం నా దగ్గర పంచాయితీ పెడతారు. ఆయన నోటితో నువ్వు వినాలి" అంది.

ఇట్లు,
మీ విమానాల్లో ఒక్కసారైనా దిగవలసిన చోట దిగిన వాచ్‌మన్

తా.క.: పెళ్ళయి బయటికొచ్చేసరికి ధారాపాతంగా వాన. గొడుగు సరిగ్గా ఇద్దరికీ పట్టింది. మీరు బాగా ఆరబెట్టి మడిచారు.

ఇంకో తా.క.: మీ పట్టిక దిద్దుకోవాలి. "ఒకవేళ నేను నిజంగానే నిద్రపోయి ఉంటే ఆయన మాటలు ఎవరు వినేవారు?" అని అక్కని అడిగాను. ఆవిడ నా చెంప మీద తట్టి, "పిచ్చివాడా, నిద్రలో నువ్వు ఏనాడు నవ్వావురా? దొంగనిద్ర పోయేటప్పుడే నవ్వేవాడివి. నవ్వితే నిద్రపోయినట్టని నీకు చెప్పింది నేనే, ఆయనకి చెప్పిందీ నేనే. నువ్వు నవ్వకపోతే ఆయన నోరు విప్పేవారే కాదు" అంది. కాబట్టి "నవ్వెను" అన్నచోటల్లా "మేలుకుని వినెను" అని రాసుకోండి.

ఆఖరి తా.క.: ఈ సంగతి బావగారికి ఇంకా తెలియదు. ఇందాక నేను వాలుకుర్చీలో ఉంటే అటూ ఇటూ చూసి, వచ్చి చెవిలో ఊదారు. ఇంకేదో చెప్పుకోవాల్సింది ఉన్నట్టుంది. నవ్వాను.