రెండు వేళ్ళ లోతు

కంభం
18-10-1979

అమ్మా, నేను బాగున్నాను. చేను ఇంకా మొలవలేదని నేను రాసిన పోయిన కార్డు చదివి వినిపిస్తే నువ్వు అన్నం తినలేదని పాస్టరమ్మ గారు రాసినారు. ఇక దిగులు పడొద్దు, పుల్లారెడ్డి తాత చేను మొలిచింది.

దుక్కి లేకుండా జొన్న వేయమని చెప్పింది నేనే. రైతులకు సేద్యం చెప్పే ఉద్యోగానికి కొత్తగా వచ్చినదాన్ని, మొలవకపోతే ఈ ఊళ్ళో నా మాట ఇంకెవరూ వినరని భయపడినాను. గొర్రు తోలే కోటయ్య మామకు రెండు వేళ్ళ లోతు చాలన్నాను. నేననుకున్నది అడ్డంగా రెండు వేళ్ళు. ఆయన వేళ్ళు నిలువునా దించి కొలిచి, గొర్రు మీద రాయి పెట్టినాడు. మిట్టల్లో గింజ ఇంకా లోతుకు పోయింది. నేను మట్టి తీసి చూసేసరికి అరెకరం అయిపోయింది. రాయి తీయించి, మిట్ట మీద తేలికగా పట్టించి, పల్లంలో నొక్కించినాను.

"విత్తనం వేయించమంటే సమాధి చేయించినావు" అన్నాడు తాత.

"నా వేళ్ళు పొడుగైతే ఆ పిల్లేం చేస్తాది" అన్నాడు మామ.

మొన్న జల్లు పడినాక, నాలుగు రోజులు ఆలస్యంగా ఆ అరెకరం కూడా మొలిచింది. మిగిలిన రెండెకరాలూ నన్నే దగ్గరుండి వేయించమన్నాడు తాత.

మేక ఈనిందా? తమ్ముణ్ణి బడి మాన్పించొద్దు. ఎవరైనా ఇటు వస్తే నా దుప్పటి పంపు.

నువ్వు ఇరవై ఏళ్ళు గొర్రు వెనక నడిచి గింజలు పోసినదానివి. లోతు చెప్పడానికి మీరు ఏ మాట అనేవాళ్ళు? పై సోమవారం లోపల రాయించి పంపు, ఆ రోజే మళ్ళీ గొర్రు కడుతున్నారు.

నీకూ నాయనకూ ప్రభువు తోడుండాలి.

నీ కూతురు
సువార్త