చూడకుండా నింపిన పట్టిక

చిరంజీవి అమ్మాయిని నాన్న ఆశీర్వదించి వ్రాయునది. మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు మోకాలినీ, ఎక్కేటప్పుడు నన్నూ తిడుతోంది; కనుక కుదుటపడినట్టే.

నీ పరిశోధన నాకు బోధపడిందా అని కూడా అడిగావు. బోధపడినంత చెబుతాను. క్షయ క్రిమికి జ్ఞాతులు మట్టిలోనూ నీటిలోనూ అనేకం. వాటి నడుమ పెరిగిన దేహమూ, పసితనంలో క్షయ టీకా పొందిన దేహమూ మొన్నటి మహమ్మారి వైరసును ఎదుర్కొనే సాధన ముందే కొంత చేసి ఉంటాయేమో. ఒకే జ్వరం ఒక ప్రాంతాన్ని తాకి పోయి, మరొక ప్రాంతాన్ని కూల్చడానికి అదొక కారణమేమో. అది తేల్చడానికే మన వీధిలో నలభై మంది భుజాల మీద టీకా మచ్చ ఉన్నదీ లేనిదీ చూసి, జ్వరం ఎంత తీవ్రంగా వచ్చినదీ అడిగి రాయమన్నావు. పట్టిక పంపాను. మెచ్చుకున్నావు. వచ్చే వారం వ్యాసం అచ్చుకు వెళుతుందన్నావు. ఆ మెచ్చుకోలు చదివిన నాటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తల్లీ, నేను ఎవరి భుజమూ చూడలేదు. పెద్దమనుషులను చొక్కా విప్పమనడానికి నోరు రాలేదు. తెలిసినవాళ్ళే కదా అని వాలుకుర్చీలో కూర్చుని, దాదాపు అందరికీ ‘మచ్చ ఉంది, జ్వరం స్వల్పం’ అని నింపాను. ప్రత్యక్షానికి వీలుండగా ఊహించి తేల్చే అనుమానాన్ని ఆశ్రయించరాదని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి.

మొన్న సిగ్గు విడిచి గడపగడపా ఎక్కాను. సైకిళ్ళు బాగుచేసే నా పాత శిష్యుడు చొక్కా జార్చుతూ నవ్వాడు. “బళ్ళో చెవులు మెలేశారు, ఇప్పుడు భుజాల మీద పడ్డారా మాస్టారూ?” పదకొండు మందికి మచ్చ లేదు.

వీధి చివరి దర్జీ ఇంటి నుంచి రోజూ కుట్టుమిషను చప్పుడు వినబడుతుంది కనుక అతనికీ స్వల్పమనే రాసి ఉంచాను. మిషను తొక్కుతున్నది అతని భార్య. అతను దిండ్లకు ఆనుకుని, మాటకూ మాటకూ నడుమ ఊపిరి వెతుక్కుంటున్నాడు. భుజాన మచ్చ స్పష్టంగా ఉంది.

“ముందు ఏం రాశారు బాబాయిగారూ?” అని ఆమె అడిగింది. చెప్పాను. మిషను ఆగింది.

“ఇరవై రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. అదీ రాయండి. మచ్చ ఉండి కూడా ఇలా అయిందని రాయండి.”

నీ ఊహకు ఎదురు నిలిచే సాక్షిని నేనే కుర్చీలో కూర్చుని కొట్టివేశాను. అచ్చు ఆపించు. కొత్త పట్టిక జతపరిచాను. ప్రతి వరుసా ఆ మనిషి ఎదుటే రాసి, చదివి వినిపించాను. ఆలస్యమెందుకని పైవాళ్ళు అడిగితే, మా నాన్న అబద్ధం రాశాడని చెప్పు. పొరబడ్డాడని మాత్రం చెప్పకు.

ఇట్లు,
నీ నమ్మకానికి తగని పని చేసిన
నాన్న